అక్షింతల పురుగుల లెక్క, వాటి ఒంట్లో పెరిగే పరాన్న పురుగుల లెక్క: పంటకాలం పొడవునా ఎలా తీయాలి

మిత్రపురుగులను లెక్కించమని రైతులకు మనం ఎంతోకాలంగా చెబుతున్నాం. పత్తి ఆకు తిప్పి పేనుబంక ఎంత ఉందో, దాని మధ్య తిరిగే అక్షింతల పురుగులు ఎన్ని ఉన్నాయో చూసి, రెండింటినీ బేరీజు వేసుకుని మందు కొట్టాలో ఆగాలో తేల్చుకోమంటున్నాం. ఆ సలహా మంచిదే. కానీ ఆ లెక్కల పుస్తకంలో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా మిగిలిపోతోంది. అక్షింతల పురుగుకూ శత్రువులున్నాయి. చాలా చిన్నవైన కందిరీగ జాతి పురుగులు దాని లార్వాలోనో (పిల్ల పురుగు), ప్యూపాలోనో (లార్వా పెద్ద పురుగుగా మారే నడిమి దశ), పెద్ద పురుగులోనో గుడ్డు పెడతాయి. వాటి పిల్లలు దాన్ని లోపలినుంచి తిని పెరుగుతాయి. పైకి బతికే ఉన్నట్టు కనిపించే ఆ అక్షింతల పురుగును మిత్రపురుగుల వరుసలో కలిపి రాసుకుంటే, వారం తిరిగేసరికి మన అంచనా తప్పుతుంది. ఆ ఖాళీ గడిని ఎలా నింపాలో, నింపిన లెక్కను ఎలా చదవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇక్కడ చెప్పే పద్ధతి పత్తి, జొన్న, మొక్కజొన్న, అలసంద, కుసుమ వంటి మెట్ట పంటలకు సరిపోతుంది. వివరించడానికి వీలుగా ఒక ఎకరం పత్తి చేను, దాని చుట్టూ నాలుగు సాళ్ల జొన్న, మధ్యమధ్య కొన్ని సాళ్ల అలసంద ఉన్నాయనుకుందాం. వరిలో దుబ్బును తట్టి పళ్లెంలో రాల్చి చూసే పద్ధతి వేరు, అక్కడి పురుగులూ చాలావరకు వేరు కాబట్టి వరిని ఇందులో కలపడం లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి కావాలి. ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దు. దాంతోపాటు పిల్లలు బొమ్మలకు రంగులు వేసే సన్నని కుంచె, తెల్లని గట్టి అట్టముక్క, కనీసం అరవై ఖాళీ ఇంజక్షన్ సీసాలు, వాటి మూతికి కట్టడానికి పలుచని మల్లు గుడ్డ, రబ్బరు బ్యాండ్లు, కొంచెం దూది, పెన్సిలు, గీతల నోటుబుక్కు ఉంటే చాలు. పొద్దున మంచులో పెన్ను సిరా చెరిగిపోతుంది కాబట్టి పెన్సిలే వాడండి. సీసాలను వేడినీటితో కడిగి ఎండలో బాగా ఆరబెట్టాలి, ఎందుకంటే లోపల చెమ్మ మిగిలితే బూజు పట్టి ప్యూపాలు చచ్చిపోతాయి, వాటిని చంపింది బూజో పరాన్న పురుగో తరవాత తేల్చుకోలేరు.

నోటుబుక్కులో ఎడమ పేజీని తేదీలకు, మొక్కల లెక్కకు ఉంచి, కుడి పేజీని పూర్తిగా సీసాల లెక్కకు వదిలిపెట్టండి. తేదీ పక్కన కార్తె పేరు కూడా రాసుకోమని నా సలహా. కార్తె పదమూడు పద్నాలుగు రోజులది. వారానికోసారి చూస్తే కార్తెకు రెండు లెక్కలు వస్తాయి. మఖలో ఎన్ని, పుబ్బలో ఎన్ని అని రాసుకున్న రైతుకు మరుసటి ఏడు పోల్చుకోవడం తేలిక, ఎందుకంటే వానను, బెట్టను, విత్తును ఆయన ఎప్పుడూ కార్తెతోనే గుర్తుపెట్టుకుంటాడు.

ఏది ఏదో గుర్తుపట్టడం

లెక్క మొదలుపెట్టే ముందు ఒక పొద్దంతా కేవలం చూడడానికే కేటాయించండి. మన మెట్ట పొలాల్లో అక్షింతల పురుగుల్లో ఎక్కువగా కనిపించేది పసుపు లేదా నారింజ రంగు వీపు మీద వంకర టింకర నల్ల గీతలుండే జాతి. దాని శాస్త్రీయ నామం కీలోమెనిస్ సెక్స్‌మాక్యులేటా. ఎర్రని వీపు మీద అడ్డంగా నల్ల పట్టీలుండే కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్ రెండోది. ఏడు చుక్కల కాక్సినెల్లా సెప్టెంపంక్టాటా చలి నెలల పురుగు, ముందు రెండింటికన్నా కాస్త పెద్దది. వీటి గుడ్లు పసుపు పచ్చగా, రెండు కొసలా సన్నబడి, ఆకు అడుగున గుంపుగా నిలువునా నిలబెట్టినట్టు ఉంటాయి. లార్వా నల్లగా, పొడుగ్గా, ఆరు కాళ్లతో, ఒంటి మీద నారింజ మచ్చలతో చిన్న మొసలిని తలపిస్తుంది. చాలామంది దీన్నే పంటను తినే పురుగనుకుని నలిపేస్తారు. చేనులో మిత్రపురుగులకు జరిగే నష్టంలో మందు తరవాత ఇదే పెద్దదని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. వంగ తోటలో ఇరవై ఎనిమిది చుక్కలతో, ఒళ్లంతా సన్నని నూగుతో కనిపించే ఎపిలాక్నా పెంకుపురుగు కూడా ఈ కుటుంబానిదే, కానీ అది ఆకు తినేది. దాని లార్వా పసుపు రంగులో, ఒంటి నిండా కొమ్మలున్న ముళ్లతో ఉంటుంది. దాన్ని మిత్రపురుగుల గడిలో రాయకూడదు. ఆ పురుగు లార్వాల్లో పెరిగే పీడియోబియస్ ఫోవియొలేటస్ అనే చిన్న కందిరీగను 1966లో మన దేశం నుంచి అమెరికాకు తీసుకెళ్లి, అక్కడ చిక్కుడు జాతి పంటలను తినే అదే కుటుంబపు పెంకుపురుగు మీద వదిలారు. పరాన్న పురుగు మనకు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది అది ఎవరి ఒంట్లో పెరుగుతోందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఇక పరాన్న పురుగుల సంగతి. వాటిని రెక్కల దశలో పొలంలో పట్టుకోవడం దాదాపు కుదరని పని. అవి వదిలిన గుర్తులనే చదవాలి. ఆ గుర్తులు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది ప్యూపా మీద కనిపించేది. అక్షింతల పురుగు ప్యూపా తోక వైపు ఆకుకు అతుక్కుని ఉంటుంది, వేలితో తాకితే లేచి కూర్చున్నట్టు పైకి ఎగదన్నుతుంది. ఆరోగ్యంగా ఉన్న ప్యూపా నుంచి పెద్ద పురుగు బయటికొచ్చాక తల, వీపు భాగంలో చీలిపోయిన పలుచని తెల్లటి డొల్ల మిగులుతుంది. ఊమైజస్ సిమ్ని అనే కందిరీగ పడిన ప్యూపా అలా కాదు: రంగు ముదిరి, ఎండి, తాకినా కదలదు, కొన్నాళ్లకు దాని మీద సూదితో పొడిచినట్టు గుండ్రని రంధ్రం ఒకటో రెండో పడతాయి. ఒక్క ప్యూపా నుంచి ఈ కందిరీగలు పది పన్నెండు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా రావచ్చు.

రెండోది లార్వా మీద కనిపించేది. హోమలోటైలస్ జాతి కందిరీగ పడిన లార్వా నడక ఆపి, ఆకుకు అతుక్కుని, ఉబ్బి, గోధుమ రంగు తోలు సంచిలా గట్టిపడుతుంది. దాన్ని ప్యూపా అని పొరబడకండి. ప్యూపాకు రెక్కల ఆకారం తెలుస్తుంది, ఈ గట్టిపడ్డ ఒంటికి లార్వా ఆకారమే ఉంటుంది, తరవాత దాని మీద రంధ్రాలు పడతాయి.

మూడోది ఫాలక్రోటోఫోరా అనే చిన్న ఈగ జాతి. ఇది ప్యూపాగా మారబోయే లార్వా చుట్టూ, అప్పుడే మారిన ప్యూపా చుట్టూ తచ్చాడుతూ గుడ్డు పెడుతుంది. దీని పిల్లలు పెరిగాక ప్యూపా నుంచి బయటపడి మట్టిలోకి దిగిపోతాయి కాబట్టి పొలంలో ఖాళీ డొల్ల తప్ప ఏమీ కనిపించదు. సీసాలో పెంచితేనే అడుగున చిన్న గోధుమ రంగు గింజల్లాంటి గూళ్లు దొరుకుతాయి.

నాలుగోది పెద్ద పురుగులో పెరిగే డైనోకాంపస్ కాక్సినెల్లే అనే కందిరీగ. దీని గుర్తు ఒకసారి చూసినవారు మరిచిపోరు. మొదటిసారి నేను చూసింది గట్టు వారనున్న జొన్న ఆకు మీద. వంకర గీతల అక్షింతల పురుగు ఒకటి కదలకుండా ఆకు మధ్య ఈనె మీద కూర్చుని ఉంది. మంచు ఆరిపోయినా కదలలేదు. గడ్డిపోచతో తాకితే కాళ్లు వణికాయి గాని పట్టు వదలలేదు. భూతద్దం పెట్టి చూస్తే దాని ఆరు కాళ్ల మధ్య గోధుమ వన్నె పట్టుగూడు ఒకటి, బియ్యపు గింజలో సగమంత, పొదివి పట్టుకున్నట్టు ఉంది. లోపల పెరిగిన కందిరీగ పిల్ల పురుగు పొట్ట నుంచి బయటపడి, దాని కాళ్ల కిందే గూడు అల్లుకుంటుంది. ఒళ్లు సగం చచ్చిన పురుగు ఆ గూటికి కాపలా కాసినట్టు వణుకుతూ ఉండిపోతుంది. కందిరీగ పిల్ల లోపల పెరిగేటప్పుడు, దాని నుంచి అక్షింతల పురుగు ఒంట్లోకి ఒక వైరస్ చేరి పురుగు నరాలను దెబ్బతీస్తుందని ఉత్తర అమెరికాలోని ఒక అక్షింతల పురుగు జాతి మీద చేసిన పరిశోధనలో 2015లో ప్రకటించారు. ఈ దశ దాటి తేరుకుని మళ్లీ తిరిగే పురుగులూ కొన్ని ఉంటాయి. ఒక్కో పురుగు నుంచి ఒక్క కందిరీగే వస్తుంది.

మొక్కల మీద లెక్క

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు లెక్క ముగించాలి. ఎండ ముదిరితే పెద్ద పురుగులు ఎగురుతాయి, లార్వాలు ఆకుల అడుగుకు, మొదలుకు దిగిపోతాయి. మీరు ఏ వేళ ఎంచుకున్నా సీజన్ అంతా అదే వేళకు వెళ్లండి; ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం చూసిన లెక్కలు పోల్చడానికి పనికిరావు. జడివాన కురిసిన మరునాడు వెళ్లవద్దు. వాన పేనుబంకను కడిగేస్తుంది, గుడ్లను రాలుస్తుంది. ఆ లెక్క వాన గురించి చెబుతుంది గాని పురుగుల గురించి కాదు. ఒకటి రెండు రోజులు ఆగి చూసి, వాన పడిన సంగతి పక్కనే రాయండి.

చేను అంచు నుంచి రెండు మూడు సాళ్లు వదిలి, నాలుగు మూలలా నాలుగు చోట్లు, మధ్యలో ఒకటి ఎంచుకుని, ఒక్కో చోట వరుసగా అయిదు మొక్కలు చూడండి. మొత్తం ఇరవై అయిదు. మొక్కను ఎంచుకునేటప్పుడు పురుగున్నదాని దగ్గరికి కాళ్లు వాటంతటవే వెళతాయి. అలా జరగకుండా ప్రతి చోటా సాలులోకి అడుగుపెట్టిన తరవాత అయిదో మొక్క నుంచే మొదలుపెట్టాలని ఒక నియమం పెట్టుకోండి. జొన్న అంచును, అలసంద సాళ్లను పత్తితో కలపకుండా విడిగా పది మొక్కల చొప్పున చూడండి. విత్తనశుద్ధి చేసిన పత్తిలో మొదటి నెల రసం పీల్చే పురుగులు తక్కువగా ఉంటాయి, వాటిని తినేవి కూడా రావు. ఆ రోజుల్లో అక్షింతల పురుగులు చేరేది జొన్న సుడిలోని, అలసంద లేత కొనల మీది పేనుబంక దగ్గరికే. పత్తి ఒక్కటే చూసేవారికి సీజన్ మొదలు కనిపించదు.

మొక్కను సమీపించేటప్పుడు మీ నీడ దాని మీద పడనివ్వకండి, మొక్కను కదిలించకండి. ముందు ఎగిరిపోయే పెద్ద పురుగులను, తరవాత లార్వాలను, ఆ తరవాత ప్యూపాలను, చివరగా ఆకు తిప్పి గుడ్ల గుంపులను లెక్కించాలి. ప్యూపాలను రాసేటప్పుడు మూడు గడులు పెట్టండి: తాకితే కదిలేవి, చీలిన తెల్ల డొల్లలు, రంధ్రాలున్న డొల్లలు. ఈ మూడు గడులే తరవాత మీకు చాలా సంగతులు చెబుతాయి. పేనుబంకను ప్రతి మొక్కకూ పైన, మధ్య, కింద ఒక్కో ఆకు చొప్పున మూడు ఆకుల మీద లెక్కించి, మొక్కకు సగటు కట్టండి. వందలు దాటితే ఒక అంగుళం మేర లెక్కించి హెచ్చవేయడం తప్పు కాదు, ప్రతిసారీ అలాగే చేయాలంతే. పేనుబంక దగ్గర చీమలు బారులు తీరి ఉంటే అదీ రాసుకోండి. తేనెబంక కోసం చీమలు పేనుబంకను కాపాడుతూ అక్షింతల పురుగులను తరిమేస్తాయి, అలాంటి మొక్కల మీద మిత్రపురుగులు తక్కువగా కనిపించడానికి వేరే కారణం వెతకనక్కరలేదు.

సీసాల్లో పెంచడం

అసలు పని ఇక్కడుంది. లెక్కించిన ఇరవై అయిదు మొక్కల నుంచి ప్రాణమున్న పురుగును దేన్నీ తీయకండి. తీస్తే వచ్చే వారం లెక్క మీ చేతులతో మీరే తగ్గించినవారవుతారు. వాటికి దూరంగా, చేనంతా తిరుగుతూ కదిలే ప్యూపాలు ఇరవై, బాగా ఎదిగిన లార్వాలు ఇరవై, పెద్ద పురుగులు ఇరవై ఏరండి. అన్ని దొరకకపోతే దొరికినన్ని ఏరి, సంఖ్య రాయండి. ప్యూపాను గిల్లకుండా దాని చుట్టూ ఆకును గోరంత ముక్కగా కత్తిరించి సీసాలో వేయాలి. ఒక్కో సీసాలో ఒక్కటే. లార్వాలను ఇద్దరిద్దరుగా వేస్తే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. ఆ తరవాత మీ దగ్గర లెక్క ఉండదు.

సీసా మూతికి గుడ్డ కట్టి, నీడలో, గాలి ఆడే చోట, చీమలు ఎక్కకుండా నీళ్ల పళ్లెంలో పెట్టిన పీట మీద ఉంచండి. మల్లు గుడ్డను రెండు మడతలు వేయాలి, ఒక్క మడతలోంచి ఈ కందిరీగలు తప్పించుకుంటాయి. లార్వాలకు, పెద్ద పురుగులకు రోజూ పేనుబంక ఉన్న ఆకు ముక్క వేసి పాతది తీసేయాలి. తీసే ఆకును భూతద్దంతో చూడకుండా పారేయకండి. ఎక్కువ ప్యూపాల సంగతి మన వేడిలో వారంలోపే తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాటి నుంచి పెద్ద పురుగులు నాలుగైదు రోజుల్లో వచ్చేస్తాయి, కందిరీగలు పడినవి మరికొన్ని రోజులు తీసుకుంటాయి కాబట్టి రాని సీసాలను కనీసం పదిహేను రోజులు ఉంచండి. పెద్ద పురుగులను మూడు నాలుగు వారాలు సాకాలి, ఎందుకంటే డైనోకాంపస్ పిల్ల లోపల పెరగడానికి అంతకాలం పట్టవచ్చు. ఇది విసుగు పుట్టించే పనే. అయినా పెద్ద పురుగుల్లో పరాన్నం ఎంత ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. అంత ఓపిక లేనివారు ప్యూపాల వరకైనా తప్పక పెంచండి.

ఒకరోజు పొద్దున సీసాలో నల్లటి ధూళి కదులుతున్నట్టు కనిపిస్తుంది. అదే ఊమైజస్. భూతద్దంలో ఒక్కొక్కటీ లోహపు మెరుపుతో, మడిచిన రెక్కలతో, గాజు గోడ మీద వెలుతురు వైపు పాకుతూ ఉంటుంది. ఎన్ని వచ్చాయో లెక్కించి, ప్యూపా మీద రంధ్రాలు ఎన్నో చూసి రాయండి. లెక్క అయ్యాక వాటిని ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఏరిన చేనులోనే వదిలేయమంటాను. ఒకటి రెండు సీసాల కందిరీగలను చంపితే చేనులోని సంఖ్య మారదు, వదిలితే మీరు చదవదలచుకున్న వరుస చెదరకుండా ఉంటుంది.

శాతం కట్టడం

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఇరవై నాలుగు ప్యూపాలు ఏరారనుకుందాం. పదిహేనింటి నుంచి అక్షింతల పురుగులు, ఆరింటి నుంచి కందిరీగలు వచ్చాయి. మూడు ఎండిపోయాయి, ఏమీ రాలేదు. ఆరును ఇరవై నాలుగుతో భాగిస్తే 25 శాతం వస్తుంది. కానీ ఆ మూడూ మీ చేతి ఒత్తిడికి చచ్చాయో, బూజుకు చచ్చాయో తెలియదు కాబట్టి వాటిని తీసేసి, ఫలితం తేలిన ఇరవై ఒకటితో భాగించాలి. అప్పుడు దాదాపు 29 శాతం అవుతుంది. ఎండిపోయిన మూడింటిని పక్కన విడిగా రాయండి. అవి ప్రతి వారం నాలుగో వంతుకు మించుతుంటే మీ పెంపకంలో ఏదో లోపం ఉందని అర్థం.

ఈ శాతాన్ని చేనులో చూసిన డొల్లలతో సరిపోల్చండి. చీలిన డొల్లలు, రంధ్రాలున్న డొల్లలు కలిపి రంధ్రాలున్నవి ఎంత భాగమో కడితే అది గడిచిన వారం పది రోజుల కథ. సీసాల శాతం రాబోయే వారం కథ. సీసాల శాతం డొల్లల శాతాన్ని మించి ఉంటే పరాన్నం పెరుగుతోంది, తక్కువుంటే తగ్గుముఖం పట్టింది. డొల్లలు వానకు, గాలికి రాలిపోతాయి కాబట్టి పాతవీ కొత్తవీ కలవకుండా, మీరు లెక్కించిన మొక్కల మీది డొల్లలను ప్రతివారం లెక్క అయ్యాక గోటితో తీసి పారేయండి.

గీత గీసి చదవడం

గళ్ల కాగితం మీద అడ్డంగా కార్తెలు, నిలువుగా సంఖ్యలు రాసి, మూడు గీతలు గీయండి: మొక్కకు సగటు పేనుబంక, ఇరవై అయిదు మొక్కల మీది అక్షింతల పురుగుల మొత్తం, వాటిలో పరాన్నం సోకిన శాతం. మూడింటి కొలతలు వేరు కాబట్టి మూడు రంగుల్లో గీయడం మేలు. గీతలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. పేనుబంక లేచిన వారం రెండు వారాలకు అక్షింతల పురుగులు లేస్తాయి, వాటి లార్వాలు, ప్యూపాలు దండిగా అయ్యాక పరాన్న శాతం లేస్తుంది. అందుకే సీజన్ మొదట్లో సీసాలన్నీ ఆరోగ్యంగా రావడం చూసి పరాన్న పురుగులు మీ చేనులో లేవనుకోకండి. అవి రావలసిన వేళ ఇంకా రాలేదు, అంతే.

అక్షింతల పురుగుల గీత ఒక్కసారిగా పడిపోయినప్పుడు కారణం తేల్చుకోవడమే ఈ శ్రమకంతటికీ ఫలం. ఒకసారి ఒక రైతు చేనులో అవి సగానికి సగం తగ్గితే, పక్క చేనువారు కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి ఉంటుందని నేను చెప్పాను. ఆ మాట ఇద్దరి మధ్య మాటా మాటా పెరగడానికి దారితీసింది. తరవాత ఆకులు తిప్పి చూస్తే ప్యూపాల్లో ఎక్కువ భాగం రంధ్రాలతో ఉన్నాయి. ఆనాటినుంచి డొల్లలు చూడకుండా కారణం చెప్పడం మానేశాను.

తేల్చుకునే తీరు ఇది. మందు వల్ల తగ్గితే రెండు మూడు రోజుల్లోనే అన్ని దశలూ కలిసి తగ్గుతాయి, ఆకుల మీద, సాలులో వెల్లకిలా పడిన పెద్ద పురుగులు, ముడుచుకుపోయిన లార్వాలు కనిపిస్తాయి, సాలీళ్లు కూడా తగ్గుతాయి. తిండి అయిపోయి వెళ్లిపోతే పేనుబంక గీత ముందే పడిపోయి ఉంటుంది, చీలిన తెల్ల డొల్లలు దండిగా మిగిలి ఉంటాయి, కొత్త గుడ్లు ఉండవు. అది నష్టం కాదు, పని ముగించుకుని పక్క చేనుకు వెళ్లడం. పరాన్న పురుగుల వల్ల తగ్గితే పేనుబంక ఇంకా నిలిచే ఉంటుంది, గుడ్లూ చిన్న లార్వాలూ కనిపిస్తుంటాయి, కానీ కదలని నల్ల ప్యూపాలు, రంధ్రాల డొల్లలు పెరుగుతాయి, కొత్త పెద్ద పురుగులు రావు. మూడు సందర్భాల్లోనూ చేయవలసింది వేరువేరు. మొదటిదానిలో పక్క రైతుతో కూర్చుని మందు కొట్టే రోజు, గాలి వాటం మాట్లాడుకోవాలి. రెండోదానిలో ఏమీ చేయనక్కరలేదు. మూడోదానిలో అక్షింతల పురుగుల మీద పెట్టుకున్న భరోసాను తగ్గించుకుని, లెక్కను వారానికి ఒకసారి కాక నాలుగు రోజులకోసారి తీయాలి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐపీహెచ్‌ఎం, అంటే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, ప్రచారం చేసే వ్యవసాయ పర్యావరణ విశ్లేషణ పద్ధతిలో శత్రుపురుగులు, మిత్రపురుగులు 2:1 నిష్పత్తిలో ఉంటే మందు అవసరం లేదన్నది సాధారణ సూత్రం. మిత్రపురుగు తిండిపోతుతనాన్ని బట్టి ఆ నిష్పత్తి మారుతుంది. ఒక్క అక్షింతల లార్వా జీవితకాలంలో వందలకొద్దీ పేనును తింటుంది కాబట్టి పేనుబంకకు ఆ నిష్పత్తిని ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. నేను పాటించేది ఇది: చేనులో చూసిన అక్షింతల పురుగుల సంఖ్య నుంచి సీసాల్లో తేలిన పరాన్న శాతాన్ని తీసేసి, మిగిలినవాటినే లెక్కలోకి తీసుకుంటాను. ముప్ఫై కనిపించి, 40 శాతం పరాన్నం ఉంటే, నా పుస్తకంలో అవి పద్దెనిమిదే. పరాన్నం సోకిన లార్వా కొన్నాళ్లు తింటూనే ఉంటుంది కాబట్టి ఇది కాస్త కఠినమైన లెక్కే. అయినా భరోసా ఎక్కువ పెట్టుకుని మోసపోవడం కన్నా ఇదే నయం. రెండు వరుస లెక్కల్లో పేనుబంక పెరుగుతూ, ఇలా తేలిన సంఖ్య తగ్గుతూ ఉంటే అప్పుడు చర్య తీసుకోవాలి, అదీ వేప గింజల కషాయంతో, పేనుబంక ఎక్కువున్న చోట్ల మాత్రమే మొదలుపెట్టాలి. చేనంతా ఘాటు మందు కొడితే అక్షింతల పురుగులు, పరాన్న పురుగులు రెండూ పోతాయి. పేనుబంక అందరికన్నా ముందు తిరిగివస్తుంది.

ఇతర మిత్రపురుగులకు ఇదే లెక్క

అల్లిక రెక్కల పురుగు గుడ్లు సన్నని దారం లాంటి కాడల కొసన ఒక్కొక్కటిగా నిలబడి ఉంటాయి. తాజా గుడ్డు లేతాకుపచ్చగా ఉండి, పొదిగే ముందు బూడిద రంగుకు తిరుగుతుంది, పొదిగాక తెల్లని ఖాళీ పెంకు మిగులుతుంది. టెలినోమస్, ట్రైకోగ్రామా జాతుల కందిరీగలు పడిన గుడ్డు పూర్తిగా నల్లబడుతుంది. బూడిద రంగును నలుపుగా పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి కాడతో సహా కత్తిరించి సీసాలో వేసి మూడు నాలుగు రోజులు చూడండి; పిల్ల రాకపోతే ఇంకో వారం ఉంచండి. బయోల్యాబుల నుంచి తెచ్చిన ఈ పురుగు గుడ్లను, లార్వాలను చేనులో వదిలేవారు ముందు కొన్నింటిని ఇలా పెట్టి చూడడం మంచిది, పెంపకంలో పరాన్నం దూరితే మనమే దాన్ని మోసుకొచ్చి చేనులో పెట్టినవారమవుతాం.

సిర్ఫిడ్ ఈగ ప్యూపా ఆకుకు అతికిన నీటిబొట్టులా ఉంటుంది. ఈగ వస్తే ముందు కొస మూతలా ఊడుతుంది. డిప్లజాన్ లేటటోరియస్ కందిరీగ వస్తే కొరికిన రంధ్రం ఉంటుంది. గొల్లభామ గుడ్ల సంచి మీద సన్నని రంధ్రాలు కనిపిస్తే పొడాగ్రియన్ కందిరీగలు వచ్చివెళ్లాయని అర్థం. వీటిని అక్షింతల పురుగుల లెక్కలో కలపకుండా విడి పేజీలో రాయండి.

యాసంగి, ఆ తరవాత వేసవి

యాసంగిలో కుసుమ మీది నల్ల పేనుబంక డిసెంబరు, జనవరి నెలల్లో విపరీతంగా పెరుగుతుంది, అక్షింతల పురుగులు పత్తి, జొన్న చేలనుంచి అటు మళ్లుతాయి. చలికి అన్ని దశలూ నెమ్మదిస్తాయి కాబట్టి సీసాలను వానాకాలం కన్నా వారం పది రోజులు ఎక్కువ ఉంచాలి. కుసుమ ముళ్లు చేతికి గుచ్చుకుంటాయి. కత్తెరతో ఆకు ముక్కను కోసి అట్ట మీద పడేలా చూసుకోండి.

పంటలన్నీ తీశాక లెక్క ఆపేయాలనిపిస్తుంది. ఆపవద్దు. ఎండాకాలంలో గట్ల మీది జిల్లేడు చెట్ల దగ్గరికి వెళ్లండి. లేత కొమ్మల కొసన, పూల గుత్తుల కింద పసుపు రంగు పేనుబంక గుంపులు గుంపులుగా ఉంటుంది. అది మన పంటల మీదికి రాదు. అక్కడే వంకర గీతల అక్షింతల పురుగు తన లార్వాలతో, ప్యూపాలతో వేసవి గడుపుతుంది, దాని పరాన్న పురుగులూ దాని వెంటే ఉంటాయి. గట్టు శుభ్రం చేయడమంటూ జిల్లేళ్లన్నీ నరికించేవారిని ఈ ఒక్క సంగతి చూపించి ఆపవచ్చు. పది జిల్లేడు మొక్కలకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకుని, పదిహేను రోజులకోసారి అదే పద్ధతిలో చూడండి. జిల్లేడు పాలు కంటికి తగలకుండా జాగ్రత్తపడండి, చేతులు కడుక్కోకుండా భూతద్దం పట్టుకోకండి. రోహిణిలో తీసిన ఆఖరి లెక్కను కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, దాని కింద గీత గీసి, మృగశిర తేదీ వేసుకోండి.